మూడురంగుల మందారం

మొన్న పక్క ఫ్లాటావిడ ఒక పూలకుండీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీది కడియం వైపు కదండీ, మొక్కలంటే మీకు ప్రాణం ఉంటుందని ఏరికోరి తెచ్చాను" అంది. కుండీలో మూడురంగుల మందారం. మోకాలెత్తు కూడా లేదు. గుబురుగా, ఒద్దికగా ఉంది. ఆకు మధ్యలో పచ్చ, చుట్టూ తెలుపు, లేత చివుళ్ళ దగ్గర గులాబీ రంగు. అక్కడక్కడ చిన్న చిన్న ఎర్రపూలు. ఆవిడ నా మొహంలో సంతోషం కోసం చూస్తోంది. నేను అలవాటు చొప్పున ఒక ఆకు తిరగేశాను. ఈనె పక్కన తెల్లగా, నలిగిన దూదిలా అంటుకుని ఉంది.

"చాలా బాగుందండీ" అని కుండీని బాల్కనీలో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నాను.

నేను నర్సరీలో పెరిగానని తెలిసినవాళ్ళందరూ ఒకేలా మాట్లాడతారు. అబ్బ, ఎంత అదృష్టమండీ, పూల మధ్య పెరిగారు అంటారు. వాళ్ళ ఊహలో నేను గౌను వేసుకుని సీతాకోకచిలుకల వెనక పరిగెడుతూ ఉంటాను కాబోలు. మా తోట కంపు కొట్టేది. కోడిపెంట లారీల్లో దిగేది. ఆముదపు పిండీ వేపపిండీ సిమెంటు తొట్లో నానబెట్టి రోజుల తరబడి పులియబెట్టేవాళ్ళు. పైన తెట్టు కట్టి, బుడగలు లేచి, ఆ బుడగల మధ్య తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతుండేవి. ఆ నీళ్ళు ముంచి మొక్కల మొదట్లో పోసే పని సెలవు రోజుల్లో నాదీ, మా చెల్లిదీ. తొట్టి పక్కనే వంటిల్లు. అమ్మ పోపు వేస్తే ఇంగువ వాసనా, తొట్టి వాసనా కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఇంగువ పోపు తగిలితే నా ముక్కు రెండో వాసన కోసం వెతుక్కుంటుంది.

బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి రైల్వే ఉద్యోగి కూతురు. నిడదవోలు నుంచి బదిలీ మీద వచ్చారు వాళ్ళు. నేను వచ్చి కూర్చోగానే ముక్కు చిట్లించి బెంచీ చివరికి జరిగేది. నాకు కోపం వచ్చేది కాదు. నాకూ జరగాలనే ఉండేది, నా నుంచి నేను జరగలేక ఊరుకునేదాన్ని.

తోటకి రాణి మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ. తాతయ్య పోయాక నాన్నా, బాబాయీ పేరుకి యజమానులు గానీ, ఏ మొక్క ఎప్పుడు కొయ్యాలో, ఏది ఎక్కడ పెట్టాలో మామ్మ చెప్పిందే. పొద్దున్న లేవగానే చుట్ట వెలిగించేది. నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఎక్కడపడితే అక్కడ ఉమ్మేది. తాగగా మిగిలిన ముక్కలన్నీ ఒక పాత కుండలో పడేసి, నీళ్ళు పోసి, సబ్బు ముక్క కలిపి నానబెట్టేది. ఆ నల్లటి కషాయమే మా తోటకి పురుగుల మందు. చుట్ట వల్ల ఆవిడ ముక్కుకి ఏ వాసనా తెలిసేది కాదు. కుండ మూత తీసి, లోపలికి తొంగిచూసి, "బాగా ఊరిందే" అనేది, కొత్త ఆవకాయని మెచ్చుకున్నట్టు.

మూడురంగుల మందారం ఆవిడకి ఇష్టమైన మొక్క. ఆ మొక్కని దాని మానాన వదిలేస్తే కాళ్ళు సాగినట్టు పైకి పోతుంది, అడుగున బోసిగా కర్రలు తేలతాయి. గుబురుగా పొట్టిగా నిలవాలంటే చిన్నప్పటి నుంచీ చివుళ్ళు గిల్లుతూ ఉండాలి. ఒక చివురు గిల్లితే రెండు వస్తాయి, ఆ రెండూ గిల్లితే నాలుగు. అప్పుడప్పుడు రంగాకుల మధ్యలోంచి ఒట్టి పచ్చాకు కొమ్మ ఒకటి పుట్టుకొస్తుంది. దానికి బలమెక్కువ. చూసీచూడనట్టు వదిలేస్తే ఒక్క వానాకాలంలో మొక్కంతా పచ్చమందారం అయిపోతుంది. మామ్మ వరసల మధ్య నడుస్తూ, మాట్లాడుతూ మాట్లాడుతూనే వంగి, పచ్చకొమ్మని మొదలంటా కోసి వెనక్కి విసిరేసేది. కత్తెర ఎప్పుడూ బొడ్లో ఉండేది.

అంతవరకూ బాగానే ఉంటుంది. కానీ ఆ మొక్కంటే పిండినల్లికి కూడా ఇష్టమే. ఆకు అడుగున, చివుళ్ళ ముడతల్లో, కొమ్మల సందుల్లో తెల్లటి పిండి అద్దినట్టు చేరుతుంది. అది పిండి కాదు, గుంపులు గుంపులుగా మెత్తటి పురుగులు. వాటినుంచి జిగురు కారుతుంది. ఆ జిగురు కోసం చీమలు బారులు కడతాయి. జిగురు మీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. మామ్మ ఆ తెల్లటి గుంపుని బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పెట్టి నలిపేది. చిట్ అని చిన్న చప్పుడు. వేళ్ళ మధ్య నుంచి పసుపూ ఎరుపూ కాని నీరు కారేది. చీరకి తుడుచుకుని ఇంకో ఆకు తిప్పేది.

ఆ చేత్తోనే మాకు ముద్దలు కలిపి పెట్టేది. చెయ్యి కడిగేది, కడగదని కాదు. నీళ్ళకి పోయే మరక కాదది. గోళ్ళ మూలల్లో, వేళ్ళ గీతల్లో గోధుమరంగు మసి ఉండిపోయేది. మామిడికాయ పప్పు, నెయ్యి, మెత్తళ్ళ చేపల వేపుడు. ముద్ద నోటి దగ్గరికి వస్తుంటే నేను కళ్ళు మూసుకునేదాన్ని. చెల్లి చిన్నది, దానికి పట్టింపు లేదు, గబగబా తినేసేది. నేను ముద్ద బుగ్గన పెట్టుకుని దొడ్లోకి పోయి ఉమ్మేసిన రోజులున్నాయి. అది కోళ్ళు తినేవి.

బాబాయి వేరు. బాబాయి శుభ్రం మనిషి. తెల్లటి చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, మెడకి పౌడరు. స్కూటరు మీద వచ్చేవాడు, స్కూటరు మీద వెళ్ళేవాడు. మట్టిలో కాలు పెడితే చెప్పులు విప్పి కర్రతో గోకేవాడు. ఊళ్ళో కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూతులో గంటలు గంటలు కూర్చుని బెంగుళూరు, హైదరాబాదు పార్టీలతో మాట్లాడేవాడు. నాకు బాబాయంటే చాలా ఇష్టంగా ఉండేది. ఆయన పక్కన నిలబడితే పౌడరు వాసన వచ్చేది. మా ఇంట్లో నాకు నచ్చిన వాసన అదొక్కటే.

అయినా ఒకసారి నేనూ చెల్లీ కలిసి ఆయన పౌడరు డబ్బా మూత ఊడదీసి, అందులో పిండినల్లి పట్టిన చివుళ్ళు దులిపాం. తెలుపులో తెలుపు కలిసిపోయింది. మర్నాడు బాబాయి అద్దం ముందు మెడకి అద్దుకుని బయటికి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చి నూతి దగ్గర చొక్కా విప్పేసి, బక్కెట్ల మీద బక్కెట్లు గుమ్మరించుకుంటూ, "ఛీ, ఛీ, ఛీ" అని గెంతడం మేము పశువులపాకలోంచి చూశాం. మామ్మ చుట్ట తీసి నవ్వింది. "పురుగు ముట్టుకుంటే చస్తావేంట్రా చిన్నోడా. దాంతోనే తింటన్నాం" అంది.

తోట పనికి వచ్చే ఆడవాళ్ళలో ఒకావిడ ఎప్పుడూ మామ్మ వెనకే ఉండేది. కాలవ అవతల పేటలో వాళ్ళ ఇల్లు. ఇంటి పక్కనే పెంకుటింట్లో చర్చి. మా అమ్మకంటే పెద్దది ఆవిడ. నేనూ చెల్లీ కూడా ఆవిడని పేరు పెట్టి, ఏకవచనంలో పిలిచేవాళ్ళం. అలా పిలవమని మాకెవరూ నేర్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఇప్పుడు ఆ పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మామ్మ ముందు కోసుకుంటూ పోతే ఆవిడ వెనక చివుళ్ళు ఏరి గంపలో వేసుకునేది. మధ్యాన్నం ఇంటికి పోతూ ఆ గంప నెత్తిన పెట్టుకెళ్ళేది. వాళ్ళకో మేక ఉండేది. మందార చివుళ్ళంటే మేకకి పండగ.

ఆ ఏడు ఆవిడ కూతురు పురిటికొచ్చి మగపిల్లాణ్ణి కన్నది. కూతురికి పాలు పడలేదు. మేక అప్పటికే ఈని ఉంది కాబట్టి పిల్లాడికి ఆ పాలే పట్టేవాళ్ళు.

"మా మనవడు మీ తోట తిని పెరుగుతున్నాడండి అమ్మగారూ" అని ఆవిడ మామ్మతో నవ్వుతూ అనడం నాకు గుర్తు.

"అయితే ఆడికి మూడురంగులొత్తాయే" అంది మామ్మ.

వానలు వెనకబట్టే రోజుల్లో బాబాయి పెద్ద ఆర్డరు పట్టుకొచ్చాడు. హైదరాబాదులో ఎవరో కొత్తగా కట్టిన ఫంక్షను హాలుకి లారీడు మూడురంగుల మందారాలు కావాలట. అన్నీ ఒకే ఎత్తున, బంతుల్లా గుండ్రంగా ఉండాలట. సరిగ్గా అదే సమయానికి పిండినల్లి విరగబడింది. వానకీ ఎండకీ మధ్య ఉక్కపోత, దానికి కావలసింది అదే. పొద్దున్న నలిపిన చోట సాయంత్రానికి మళ్ళీ తెల్లగా కనిపించేది. మేమందరం వరసల్లో కూర్చుని ఆకాకూ తిప్పి గుడ్డతో తుడిచేవాళ్ళం. నా వేళ్ళు జిగురు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయేవి. తల గోక్కోడానికి కూడా భయం వేసేది.

"ఇలాగైతే వచ్చే సంక్రాంతికి కూడా తెమలదమ్మా. షాపులో మందు చెప్పారు. ఒక్కసారి కొడితే తెల్లారేసరికి తోటంతా క్లీన్" అన్నాడు బాబాయి, అన్నం దగ్గర.

"ఆ ఇసం నా తోటలో ఎయ్యొద్దు" అంది మామ్మ.

"అందరూ కొడుతున్నారమ్మా."

"అందరి తోటలోనూ గొడ్డూ గోదా మెయ్యవు. మన ఆకు మేత్తాయి. ఒద్దన్నానా, ఒద్దు."

బాబాయి పెరుగు వేసుకుని, చక్కగా కలుపుకుని తిన్నాడు.

ఆ వారంలోనే మామ్మ మొక్కు తీర్చుకోడానికి చుట్టాలతో కలిసి కోరుకొండ వెళ్ళింది. నాన్న మొక్కల లోడు దింపడానికి విశాఖపట్నం పోయి ఉన్నాడు. మేము బడికి వెళ్ళాం. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. పనివాళ్ళు రాకముందే బాబాయి ఎవరినో పిలిపించి, మందారాల వరసలన్నిటికీ మందు కొట్టించేశాడు. తర్వాత పనివాళ్ళు వచ్చి, రోజూలాగే గుండ్రంగా చివుళ్ళు కత్తిరించారు. వాసన వస్తోందేంటని ఎవరో అడిగితే, మామ్మ కషాయమేనన్నాడట. ఈ సంగతులన్నీ అమ్మ తర్వాత ఏడుస్తూ చెప్పింది.

నేను బడి నుంచి వచ్చేసరికి మామ్మ అప్పుడే కొండ నుంచి దిగి వచ్చింది. చేతిలో పులిహోర పొట్లం. మా చేతుల్లో తలో కాస్త పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా తోటలోకి నడిచింది. నేను పులిహోర తింటూ వెనకే వెళ్ళాను. మందారాల దగ్గర ఆగి వంగింది. చాలాసేపు వంగే ఉంది. ఏంటా అని నేనూ చూశాను. మొక్కల మొదట్లో చీమలు. ఎర్రచీమలూ నల్లచీమలూ కుప్పలుగా, కాళ్ళు ముడుచుకుని, నల్లటి తవుడు పోసినట్టు పడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. వాటి మధ్య ఒక తొండ వెల్లకిలా పడి ఉంది. దాని తెల్లటి పొట్ట ఉబ్బింది.

"కోసిన చివుళ్ళేయే?" అని మామ్మ అరిచింది.

అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. "రోజూలాగే పట్టుకెళ్ళిందత్తయ్యా, మధ్యాన్నం..."

మామ్మ మిగతా మాట వినలేదు. ఆవిడ పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, చెప్పులు లేకుండా, కాలవగట్టు మీద పరుగు. గట్టు మీద ఉన్నవాళ్ళు "ఏంటండి, ఏమైందండి" అంటున్నా ఆగలేదు. వంతెన దాటేటప్పుడు చుట్ట ఎక్కడో పడిపోయింది. నేను వెనకాల.

ఇంటి ముందు మునగచెట్టుకి మేక కట్టేసి ఉంది. ముందుకాళ్ళు వంగిపోయి, వెనకకాళ్ళ మీద నిలబడాలని చూస్తోంది. నోట్లోంచి నురగ తీగలుగా సాగి నేలకి వేలాడుతోంది. వెనకనుంచి పచ్చగా పారుతోంది. ఒళ్ళంతా జలదరిస్తోంది. చుట్టూ ఈగలు. గంపలో సగం చివుళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, తెలుపూ గులాబీ రంగూ కలిసి, పెళ్ళికి తెచ్చిన పూలగంపలా ఉంది.

పనావిడ మేక తల పట్టుకుని కూర్చుంది. "తిన్నాక పాలు బాగానే ఇచ్చిందండి. ఇప్పుడే ఇలాగైపోయిందండి, ఏటైందో తెలీట్లేదండి" అంటోంది.

"పాలేయి?" అంది మామ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"పాలేయే! పిల్లోడికి పట్టేరా?"

"లేదండి, కాగుతున్నాయండి" అంది కూతురు లోపల్నుంచి. ఒళ్ళో పిల్లాడు ఏడుస్తున్నాడు. ఒక చేత్తో ఉగ్గుగిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో పొయ్యి మీద గిన్నె దింపబోతోంది.

మామ్మ గుమ్మం దాటి లోపలికి పోయింది. వంగి గిన్నె తియ్యలేదు. కాలితో తన్నింది. పాలు పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి. బూడిద లేచింది. మాడిన పాల వాసన గుప్పున కొట్టింది. ఆ పిల్ల భయంతో గోడకి కరుచుకుపోయింది. మామ్మ పిల్లాడి నోరు తెరిచి వేలు పెట్టి చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది. ఆ వేలు, ఆ మసి గోళ్ళు. పిల్లాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"ఏడు, ఏడు. బాగా ఏడు నాయనా" అని మామ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది.

చీకటి పడకముందే మేక చచ్చిపోయింది. చచ్చేముందు అది పెట్టిన కూత గొంతు పట్టేసిన మనిషి కేకలా ఉంది. అప్పటికి పేటంతా మూగింది. బాబాయి స్కూటరు మీద వచ్చాడు. తెల్లచొక్కా నలగలేదు. మేకకి దూరంగా ఆపి, దిగకుండానే మాట్లాడాడు.

"మేకన్నాక నానా గడ్డీ తింటుంది. గట్టు మీద ఆముదపాకు మేసుంటుంది. మా మీద తోసేస్తే ఎలాగమ్మా?"

ఎవరూ ఆయన మీద ఏమీ తొయ్యలేదు. పనావిడైతే తలెత్తి చూడనైనా లేదు.

"నువ్వు మందు కొట్టలేదా?" అంది మేక పక్కన కూర్చున్న మామ్మ.

"కొట్టలేదు."

మామ్మ లేచింది. గంపలోంచి ఒక చివురు తీసింది. నాలుగాకులు, మధ్యలో ఎర్రమొగ్గ. తీసుకెళ్ళి బాబాయి మొహం ముందు పెట్టింది.

"అయితే నవులు."

"ఏంటమ్మా ఇది, అందరి ముందూ..."

"మింగక్కర్లేదు. నవిలి ఉమ్మెయ్యి. నీ అబద్ధం నేనే నమ్మేత్తాను."

బాబాయి నవ్వాలని చూశాడు. చివురు ఆయన పెదాలకి దగ్గరగా వెళ్ళేసరికి తల వెనక్కి లాక్కుని, జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. రుమాలుకి పౌడరు వాసన. నేను అంత దగ్గరలో నిలబడి ఉన్నాను. మురుగు, నురగ, మాడిన పాలు, వాటన్నిటి మధ్యా ఆ పౌడరు వాసన వచ్చేసరికి నాకు ఆపుకోలేనంత వాంతి వచ్చింది. పులిహోరంతా స్కూటరు చక్రం పక్కన పడింది. బాబాయి కాళ్ళు పైకి తీసుకున్నాడు. స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మేకని కోసుకుందామని ఎవరో అంటే మామ్మ తిట్టిపోసింది. పేటవాళ్ళే గట్టు అవతల గొయ్యి తీసి, మిగిలిన చివుళ్ళతో సహా పాతిపెట్టారు.

మర్నాడు పొద్దున్నే మామ్మ మందారాల్లోకి దిగింది. ఈసారి కత్తెర కాదు, కొడవలి. గుండ్రంగా బంతుల్లా తయారైన మొక్కల్ని ఒక్కొక్కటే జానెడు మోళ్ళు మిగిలేలా నరుక్కుంటూ పోయింది. మూతికి తువ్వాలు కట్టుకుంది, మమ్మల్ని ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఆకులూ పూలూ మొగ్గలూ అన్నీ లాక్కెళ్ళి గోతిలో వేసి సున్నం చల్లి కప్పింది. బాబాయి వరండాలో నిలబడి జుట్టు పీక్కున్నాడు.

"ఎల్లుండి లారీ వస్తుందమ్మా! పార్టీకి నేనేం చెప్పను?"

"మేక చచ్చిపోయిందని చెప్పు" అంది మామ్మ, తల తిప్పకుండా.

నాన్న వచ్చాడు, విన్నాడు. తమ్ముణ్ణి ఏమీ అనలేదు, తల్లినీ ఏమీ అనలేదు. మా నాన్న అలాంటి మనిషి. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

మోళ్ళు కొన్ని వారాలు అలాగే ఉండి, ఒకసారిగా చిగురించాయి. మొదట్నుంచీ చుట్టూ ఒత్తుగా లేచాయి కొమ్మలు. చలి తగిలేసరికి ఆ చివుళ్ళకి వచ్చిన రంగు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తెలుపు తక్కువ, అంతా గులాబీ. పొట్టిగా, దిట్టంగా, ఒక్కో మొక్కా దీపాలు పెట్టినట్టుంది. పక్క నర్సరీల వాళ్ళు వచ్చి చూసి, ఎలా వచ్చిందండీ ఈ గుబురు అని అడిగేవాళ్ళు. బాబాయి జేబులో చేతులు పెట్టుకుని చెప్పేవాడు.

"జానెడు ఉంచి నరికెయ్యాలండి. మనసు గట్టి చేసుకోవాలి. అందరూ భయపడతారు. అది నా పద్ధతండి."

అందరూ తలలూపేవాళ్ళు. మళ్ళీ ఆర్డర్లు వచ్చాయి. కొన్నేళ్ళకి నర్సరీల వాళ్ళందరూ కలిసి బాబాయికి శాలువా కూడా కప్పారు. నేను ఆ గులాబీ రంగు చూడలేకపోయేదాన్ని. లేత చివురు గాలికి కదిలితే, ఆ సాయంత్రం నురగ మధ్య కనిపించిన మేక చిగుళ్ళు గుర్తొచ్చేవి. ఆయన పక్కన నిలబడటం మాత్రం ఆ సాయంత్రంతోనే మానేశాను. ఆయనకి అది తెలిసిందో లేదో తెలియదు.

ఆవిడ మళ్ళీ మా తోటకి పనికి రాలేదు. వేరే నర్సరీలో కుదిరింది. మామ్మ మాత్రం మర్నాటి నుంచే మా గేదెపాలు చెంబుతో పట్టుకుని పేటకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎవరి చేతా పంపలేదు, తనే వెళ్ళేది. బడి అటువైపే కాబట్టి నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఆ సాయంత్రం పొయ్యి దాకా దూసుకుపోయిన మనిషి ఇప్పుడు దడి బయటే నిలబడేది. కూతురు వచ్చి చెంబు అందుకునేది. పాలు గిన్నెలోకి ఒంపుకునేది. చెంబు కడిగి తెచ్చి దడి దగ్గర రాయి మీద పెట్టేది. చేతికి ఇచ్చేది కాదు, మామ్మ చెయ్యి చాచేదీ కాదు.

"నీళ్ళు కలిపి పట్టండే. గేదెపాలు చిక్కన" అనేది మామ్మ రోజూ. ఆ పిల్ల తలూపేది. చలికాలమంతా అలాగే గడిచింది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి మధ్యాన్నం పూట వెళ్ళాం. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి అప్పటికి. ఈసారి కూతురు కాదు, ఆవిడే బయటికి వచ్చింది. చంకలో పిల్లాడు. మూతి చుట్టూ మెతుకులు.

"ఇంక పాలొద్దండి అమ్మగారూ. అన్నం తింటన్నాడండి" అంది. మామ్మతో ఆవిడ మాట్లాడటం, నేను చూసినంతలో, మేక పోయాక అదే మొదటిసారి.

మామ్మ పిల్లాణ్ణి చూసింది. "బాగా పుంజుకున్నాడు" అంది.

ఆవిడ పిల్లాణ్ణి దింపి లోపలికి వెళ్ళి, రెండు స్టీలు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. తళతళా తోమిన గ్లాసులు. "ఎండన పడొచ్చారండి. తాగండి."

నేను తీసుకుని తాగేశాను. కొత్తకుండలో నీళ్ళు, చల్లగా ఉన్నాయి. నా నోరు ఆరిపోయి ఉంది, ఒక్క గుక్కలో అయిపోయాయి. మామ్మ ముందు రెండో గ్లాసు అలాగే ఉంది. మామ్మ మొహమంతా చెమట. పెదాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి.

"దాహం లేదే" అంది మామ్మ.

ఆవిడ ఇంకాసేపు గ్లాసు పట్టుకునే ఉంది. తర్వాత ఆ నీళ్ళు మునగచెట్టు మొదట్లో పోసేసింది.

తిరిగి వస్తుంటే వంతెన దగ్గర మామ్మ ఆగింది. కాళ్ళు కడుక్కొస్తానని రేవులోకి దిగింది. కాలవలో నీళ్ళు తగ్గి బురదరంగులో ఉన్నాయి. ఎగువన గేదెల్ని కడుగుతున్నారు. గడ్డీ, నురగా, ఎవరో విసిరేసిన పూలదండా ఒడ్డుని పట్టుకుని తిరుగుతున్నాయి. మామ్మ వంగి వాటిని చేత్తో పక్కకి నెట్టి, దోసిలి పట్టింది. తాగింది. మళ్ళీ ముంచి తాగింది. గుటకల చప్పుడు నాకు గట్టు మీదకి వినిపిస్తోంది. ఎంత దాహం వేసిందో ఆవిడకి!

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. తోట పంపకాల్లో ముక్కలైంది. ఆవిడ ఎలాంటి మనిషని మా పిల్లలు అడిగితే, ఊళ్ళో అందరూ చెప్పినట్టే, మొక్కల మనిషని చెబుతాను. పొయ్యి మీద గిన్నెని తన్నిన సంగతి చెబుతాను. కొడుకు మొహం ముందు చివురు పెట్టిన సంగతి చెబుతాను. ఈ చివరి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆపేస్తాను. చెప్పకపోతే అబద్ధమాడినట్టుంటుంది, చెబితే ఆ మునుపటివన్నీ తీసేసుకున్నట్టుంటుంది. రెండూ ఆవిడే చేసింది.

ఆ మధ్యాన్నం మామ్మ గట్టెక్కి నా పక్కకి వచ్చింది. "ఆళ్ళింట్లో నీళ్ళు తాగేవని మీ అమ్మతో అనకు" అంది నెమ్మదిగా. కోపంగా కాదు, నన్ను కాపాడుతున్నట్టు అంది. ఆవిడ గడ్డం మీంచి కాలవ నీళ్ళు ఇంకా కారుతున్నాయి. పెదవి చివర నల్లగా కుళ్ళిన గడ్డిపరక ఒకటి అంటుకుని ఉంది. తుడుచుకోమని నేను చెప్పలేదు.